పదకొండో కథలో తల్లి ఉడుత

జూన్ 3

ప్రియమైన పిచ్చుకకు,

నీ జాబు చేరింది. ఫోను చేసి చెప్పొచ్చు కదా అని అడగను. ఫోనులో నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం నేను కల్పించుకుంటాను. పైగా నీ చేతిరాత చూసి చాలా రోజులైంది. ఏం మారలేదు, కోడి గెలికినట్టే ఉంది. పుస్తకాలు అచ్చువేసే ఆఫీసులో నీకు ఉద్యోగమిచ్చినవాళ్ళు ఈ రాత చూసి ఉండరు.

నా నీతికథల పుస్తకం మళ్ళీ వేస్తున్నారన్నావు. మూడో తరగతి పిల్లల కోసం ఆ ఇరవై ఒక్క జంతువుల కథలు రాసినప్పుడు నాకు ముప్పై ఏడేళ్ళు. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. ఈలోగా అది పాఠ్యపుస్తకమైంది, పిల్లలకు కంఠతా వచ్చింది, పరీక్షల్లో ప్రశ్నయింది, చివరికి పాతకాగితాల దుకాణానికి చేరింది. చాలామంది మనుషుల కంటే పద్ధతిగా బతికింది.

ఈ కథలు ఎలా పుట్టాయో ముందుమాటలో చెప్పమన్నాడట మీ యజమాని. చెబితే నా మీద కేసులు పడతాయి. నీకు మాత్రం చెబుతాను. మా ఇంట్లో తిట్లు ఉండేవి కావు, కథలుండేవి. ఎవరు ఏ తప్పు చేసినా నేను గొంతు పెంచేదాన్ని కాదు. అందరం కంచాల ముందు కూర్చున్నాక నెమ్మదిగా "అనగనగా ఒక గాడిద" అనేదాన్ని. అంతే. మీ తాతయ్య, మీ అమ్మ, మీ మామయ్య ముగ్గురూ నమలడం ఆపేసేవాళ్ళు, ఆ గాడిద ఎవరా అని.

మూడో కథలో నత్త ఉంది చూడు. ఇల్లు వీపున మోసుకుపోతూ కూడా, తలుపు వేశానా లేదా అని అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూసుకుని, అది పెళ్ళికి చేరేసరికి పెళ్ళికూతురికి మనవలు పుట్టారు. ఆ నత్త మీ తాతయ్య. మా మెట్ల తలుపు గొళ్ళెం మూడుసార్లు లాగి చూస్తే గాని కాలు బయటపెట్టేవాడు కాదు. ఒకసారి బస్సెక్కి కూర్చున్నవాడు దిగి వెనక్కి వచ్చాడు. ఎనిమిదో కథలో నక్క మా హెడ్మాస్టరు. పాపం, పుస్తకం విడుదల చేసింది ఆయనే. "నక్క పాత్రలో జీవం ఉట్టిపడుతోందమ్మా" అని మెచ్చుకున్నాడు.

ప్రతి కథ కింద గడి కట్టి నీతివాక్యం వేయడం నా పద్ధతి. దాన్ని మాత్రం కదిలించొద్దను. కథ మరిచిపోయినా నీతి మిగలాలి.

మీ అమ్మ ఎలా ఉంది? పోయిన నెలలో ఫోను చేసింది. "బాగున్నావా?" అంది. "బాగున్నా. నువ్వు?" అన్నాను. "బాగున్నా" అంది. ఇద్దరం ఇంత బాగుంటే ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? పుస్తకం సంగతి దానికి చెప్పావా? చెప్పకపోతే చెప్పకు.

నీ గెలుకుళ్ళను ఓపిగ్గా చదివే
అమ్మమ్మ

*

జూన్ 12

ప్రియమైన అమ్మమ్మా,

నా చేతిరాత మీద నీ తీర్పు ఆఫీసులో చదివి వినిపించాను. మా యజమాని, ఆవిడను ప్రూఫులు చూడ్డానికి పిలిపించు, నిన్ను మానిపిస్తాను అన్నారు. కాబట్టి ప్రూఫులు పంపుతున్నాను, ఎర్ర పెన్ను కాస్త దయతో వాడు.

పాత బొమ్మలు అచ్చులో నల్లగా అలుక్కుపోయాయి. పిల్లేదో పులేదో తెలియడం లేదు. అందుకే కొత్తగా గీయిస్తున్నాం. గీసేది ఒకావిడ. ఇంటి దగ్గరే గీస్తుంది, ఆఫీసుకు రాదు, పుస్తకంలో పేరు కూడా వేయొద్దంది. మేం బొమ్మలావిడ అంటాం. నత్త, నక్క బొమ్మలు ఇందులో పెట్టాను, చూసి చెప్పు.

ఆవిడ పదకొండో కథ దగ్గర ఆగిపోయింది. నువ్వు పుస్తకం వెతుక్కోకుండా కథ క్లుప్తంగా రాస్తున్నాను. తల్లి ఉడుత గింజల కోసం వెళ్తూ, తొర్ర వాకిలికి బెరడు చెక్క అడ్డం పెట్టి, తమ్ముణ్ణి చూస్తుండమని అక్క ఉడుతకు చెబుతుంది. అక్క ఉడుత గోటితో బెరడు మీద బొమ్మలు గీస్తూ లోకం మరిచిపోతుంది. తమ్ముడు ఉడుత తొర్రలోంచి పడి కాలు విరగ్గొట్టుకుంటుంది. కింద గడిలో నీతి: "అప్పగించిన పని మరిచి ఆటలో మునిగితే, దెబ్బ మనకు కాదు, మనవాళ్ళకు తగులుతుంది."

ఆవిడ అడిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "వాకిలికి చెక్క అడ్డం ఉంటే చిన్న ఉడుత ఎలా పడింది? చెక్క తీసిందెవరు? రాసేవాళ్ళు ఆ సంగతి దాటేసి పోవచ్చు. గీసేవాళ్ళకు కుదరదు. నేను చెక్కను ఉన్నట్టు గీయాలా, లేనట్టు గీయాలా?"

ఇది మామయ్య చెయ్యి విరిగిన కథే అని నాకు తెలుసు. "నా మోచెయ్యి విరిగితే దేశానికి ఒక పాఠం దొరికింది" అంటాడు మామయ్య. అమ్మ మాత్రం ఆ మాట రాగానే పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నేనెప్పుడూ రెట్టించి అడగలేదు.

పుస్తకం సంగతి అమ్మకు తెలుసు.

నీ కోడి,
పిచ్చుక

*

జూన్ 17

ప్రియమైన పిచ్చుకకు,

ప్రూఫుల్లో పద్నాలుగు తప్పులు దొరికాయి. అందులో పన్నెండు మీవి. మిగతా రెండూ నావే, నలభై ఒక్క ఏళ్ళుగా ఎవరికీ కనపడకుండా ఉన్నాయి. దిద్దాను.

బొమ్మలు బాగున్నాయని ఒప్పుకోవాల్సి వస్తోంది. కానీ ఒక సంగతి. నత్త కళ్ళజోడు కుడి పుల్లకు దారం కట్టి ఉంది. మీ తాతయ్య అలాగే దారం కట్టిన కళ్ళజోడుతో ఆరేళ్ళు తిరిగాడు. నువ్వు పుట్టకముందే పోయిన మనిషి కళ్ళజోడు నీకెలా తెలుసు? నక్కేమో చొక్కా వెనక కాలరుకు గొడుగు తగిలించుకుంది. అది అచ్చం మా హెడ్మాస్టరే. నువ్వు మామయ్య దగ్గర విని ఆవిడకు చెప్పి ఉంటావు. చెప్పడం మానెయ్. ఆయన కొడుకులు ఇంకా బతికే ఉన్నారు.

ఇక చెక్క సంగతి. నలభై ఒక్క ఏళ్ళలో వేలమంది పిల్లలు ఆ కథ చదివారు. ఒక్కరూ అడగలేదు. పిల్ల ఉడుతే తోసుకుని ఉంటుంది. అంత కష్టంగా ఉంటే అక్కడో గుబురు కొమ్మ వేసి ఆకులతో కప్పేయమను. ఉందా లేదా అన్న గొడవే ఉండదు.

జరిగింది ఇంతే. మీ అమ్మకు పదేళ్ళు, మామయ్యకు నాలుగు. సైకిలు కొట్టు పైన ఇప్పుడు నేనుంటున్న ఈ రెండు గదులే మా కాపురం. బడికి వెళ్తూ తమ్ముణ్ణి చూస్తుండమన్నాను. అది కిటికీ దగ్గర బొమ్మలు గీస్తూ కూర్చుంది. వాడు పదకొండు మెట్లూ దొర్లాడు. ఈనాటికీ వాడు బస్సులో పై కమ్మీ అందుకోలేడు. నేను మీ అమ్మను కొట్టానా? తిట్టానా? రంగుపెన్సిళ్ళ డబ్బా తీసి అలమార పైన పెట్టాను, కథ రాశాను. ఏ కథయినా పుస్తకంలోకి ఎక్కేముందు క్లాసులో చదివించి చూడడం నాకు అలవాటు. అప్పుడు మీ అమ్మ నా క్లాసులోనే ఉంది, దానిచేతే చదివించాను. పిల్లలు దాన్ని ఉడుత అన్నారు. అందులో తప్పేముంది? ముద్దుపేరే కదా.

చెప్పొచ్చేదేమిటంటే, కథ పనిచేసింది. దానికి బొమ్మల పిచ్చి ఎంతంటే, ఏ జంతువును గీసినా తోక నుంచి మొదలుపెట్టేది. ముందు తోక, ఆ తోకకు తగ్గ జంతువు తరవాత. "తోక ముందు పుట్టి కుక్క తరవాత పుట్టిందా?" అని నవ్వేవాళ్ళం. ఆ తరవాత మళ్ళీ పెన్సిలు పట్టలేదు. లెక్కల్లో మొదటి మార్కులు తెచ్చుకుంది. అంత చదివి ఇప్పుడు పశువుల ఆసుపత్రిలో మేకలకు టోకెన్లు రాసిస్తోంది గాని, అది నా కథ తప్పు కాదు.

బొమ్మలావిడకు ఆకులు గీయడం వచ్చుననుకుంటాను.

ఇట్లు,
ఇంకా కళ్ళు కనిపిస్తున్న
అమ్మమ్మ

*

జూలై 1

ప్రియమైన అమ్మమ్మా,

నీ జవాబు బొమ్మలావిడకు చదివి వినిపించాను.  విని ఇలా అంది: "ఆకులు గీయడం నాకు బాగానే వచ్చు. కానీ ఆ ఆకుల వెనక ఏముందో తెలియకుండా గీయలేను. పెద్దావిడను కంగారుపడొద్దని చెప్పు. మిగతావి గీస్తూ ఉంటాను."

నువ్వు ముద్దుపేరు అన్నావు. అమ్మ బడి చదువు పూర్తయ్యేదాకా ఉడుతేనట. బడి మారినా ఉడుతేనట, ఎందుకంటే ఆ బడిలోనూ అదే పుస్తకం. తమ్ముడి వంకర చెయ్యి చూడగానే పిల్లలకు కథ గుర్తొచ్చేదట. ఇది నాకు మామయ్య చెప్పాడు, అమ్మ కాదు. మామయ్య ఎప్పుడూ నవ్వుతూ చెప్పేవాడు, ఈసారి నవ్వలేదు. "నాకు ఒక్క చెయ్యే వంకరయింది" అన్నాడు. ఆ తరవాత మాట మార్చేశాడు.

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. నువ్వు ఏ తప్పునైనా జంతువు మీద పెట్టి చెబుతావు కదా, నాకు అంత తెలివి లేదు, అందుకని నేరుగా రాస్తున్నాను.

తాబేలు, కొంగ, గాడిద బొమ్మలు పంపుతున్నాను. వాటిలో పదకొండో కథకని మొదలుపెట్టి వదిలేసిన కాగితం ఒకటి కలిసిపోయింది. తీసెయ్యబోయి, నువ్వు చూస్తే నష్టమేముందని ఉంచాను. ఏముందందులో, ఒట్టి తోక.

నీ
పిచ్చుక

*

ఆగస్టు 9

ప్రియమైన అమ్మమ్మా,

ఐదు వారాలైంది. జవాబు రాలేదు, తిట్లూ రాలేదు. తిట్లు రాకపోతేనే భయంగా ఉంది. మీ కింద సైకిలు కొట్టుకు ఫోను చేశాను. "బాగానే ఉన్నారమ్మా. కాకపోతే రోజూ పైన మెట్ల తలుపు గొళ్ళెం తీస్తూ వేస్తూ ఉంటారు. పాడైందా, నూనె వెయ్యమంటారా అంటే, బాగానే ఉంది, నువ్వెళ్ళు అన్నారు" అని కొట్టతను చెప్పాడు. ఏమైంది అమ్మమ్మా? మిగతా బొమ్మలు నడుస్తున్నాయి గాని, పదకొండో కథ ఇంకా తేలలేదు.

ఎదురుచూస్తూ,
పిచ్చుక

*

ఆగస్టు 14

ప్రియమైన పిచ్చుకకు, ఈ జాబు నీ భుజం మీదుగా చదువుతున్న ఇంకొకరికి,

ఆ తోక ఐదు వారాలుగా నా బల్ల మీద ఉంది. పొద్దున టీ తాగుతూ చూస్తాను, మధ్యాహ్నం పేపరు చదువుతూ చూస్తాను. కుదురుగా మొదలై, మధ్యలో ఉబ్బి, కొన దగ్గర చిన్న మెలిక తిరుగుతుంది. ఉడుత ఇంకా పుట్టలేదు. తోక నుంచి మొదలుపెట్టే మనిషి ఈ భూమ్మీద నాకు ఒక్కతే తెలుసు. దారం కట్టిన కళ్ళజోడు, కాలరుకు గొడుగు చూసినప్పుడే తెలియాల్సింది. ఊళ్ళోవాళ్ళందరినీ జంతువుల్లో గుర్తుపట్టినదాన్ని, నా కూతుర్ని దాని చేతిలో గుర్తుపట్టలేకపోయాను.

అది అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను. ఎవరూ చెక్క తీయలేదు. అసలు పెట్టనే లేదు.

ఆ రోజు సెలవు. అయినా పరీక్షల ముందు పై తరగతివాళ్ళకు ప్రత్యేక తరగతి పెట్టారు. మొదటిసారి దిగినప్పుడు మెట్ల తలుపు గొళ్ళెం పెట్టాను. కింది మెట్టు దాకా వెళ్ళాక కళ్ళజోడు మరిచానని వెనక్కి వచ్చాను. మళ్ళీ దిగేటప్పుడు చంకలో జవాబు కాగితాల కట్ట, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో కళ్ళజోడు. మోకాలితో తలుపు నెట్టి దిగిపోయాను. వీధి మలుపు తిరుగుతుంటే గుర్తొచ్చింది, గొళ్ళెం పడ్డ చప్పుడు వినలేదని. గుర్తు రాలేదని చెప్పుకోగలిగితే నాకు ఎంత సుఖంగా ఉండేదో. గుర్తొచ్చింది. నిలబడ్డాను కూడా. కానీ బడి గేటు దగ్గర హెడ్మాస్టరు ఆలస్యంగా వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ ఉంటాడు. నా పేరు ఆ కాగితంలో ఏనాడూ లేదు. వెళ్ళిపోయాను.

నేను వచ్చేసరికి అప్పటి సైకిలు కొట్టతను వాణ్ణి ఆసుపత్రికి ఎత్తుకుపోయాడు. మీ అమ్మ పై మెట్టు మీద కూర్చుని ఉంది. "తమ్ముణ్ణి చూస్తుండమంటే ఏం చేస్తున్నావే?" అన్నాను. అది నా మొహం చూడలేదు. గొళ్ళెం వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. చూడనట్టు ఆసుపత్రికి పరిగెత్తాను. ఆ పరుగు ఇప్పటిదాకా ఆగలేదు.

కథ దాని బుద్ధి బాగుచేయడానికి రాశానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. నాకు నేనూ చెప్పుకున్నాను. కాదు. నేను చేయని పనిని తల్లి ఉడుత చేత చేయించడానికి రాశాను. "బెరడు చెక్క అడ్డం పెట్టి" అన్న నాలుగు మాటలకోసం ఆ కథంతా రాశాను. అచ్చులో పడితే అదే నిజమవుతుందని నాకు అప్పుడే తెలుసు, టీచర్ని కదా.

క్లాసులో మీ అమ్మ చదువుతూ సరిగ్గా ఆ నాలుగు మాటల దగ్గర ఆగింది. తలెత్తి నా వైపు చూసింది. "చదువు" అన్నాను. చదివింది, ఒక్క అక్షరం తప్పు పోకుండా. ముప్పై మంది ముందు "అమ్మా, నువ్వు పెట్టలేదు కదా" అని ఉంటే నా గతేమయ్యేది? అనలేదు. పదేళ్ళ పిల్ల నా పరువు కాపాడింది. నేను దాన్ని ఉడుతను చేసి ఇంటింటికీ పంచాను.

ఇంకొకటి ఉంది. గొళ్ళెం లాగి చూడడం మీ తాతయ్యకు పుట్టుకతో వచ్చిన చాదస్తం కాదు. మామయ్య పడ్డ రోజు తరవాతే మొదలైంది. నేను బయటికి వెళ్ళాక లేచివెళ్ళి లాగి చూసేవాడు. ఎందుకో నన్నెప్పుడూ అడగలేదు, నాకెప్పుడూ చెప్పలేదు. ఆయనకు తెలుసు. నేనేమో నత్త కథ రాసి కంచాల ముందు చదివాను. మీ మామయ్య పడీపడీ నవ్వాడు. తాతయ్య కూడా నవ్వాడు. మీ అమ్మ నవ్వలేదు. నత్త ఎవరో, ఎందుకు వెనక్కి తిరిగి చూస్తోందో దానికి అర్థమైందని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇరవై ఒక్క కథల్లో అన్ని రకాల జంతువులూ ఉన్నాయి. రాసినావిడ మాత్రం ఎక్కడా లేదు.

పదకొండో కథ తిరగరాసి పంపుతున్నాను. ఇందులో తల్లి ఉడుత చెక్క పెట్టకుండా వెళ్తుంది, మధ్యదారిలో గుర్తొచ్చినా వెనక్కి రాదు. అక్క ఉడుత ఏడుస్తున్న తమ్ముణ్ణి ఊరుకోబెట్టడానికే బొమ్మ గీస్తూ ఉంటుంది, దాని తప్పు రవ్వంత కూడా లేదు. గడిలో నీతి: "తన తప్పును పిల్లల నెత్తికి చుట్టిన తల్లికి తెచ్చుకున్న గింజలు అరగవు."

మీ అమ్మను అడుగు, నేను బస్సెక్కి వస్తే తలుపు తీస్తుందా అని. తీయకపోయినా సరే, అడుగు.

ఇట్లు,
మీ ఇద్దరి తల్లీ అమ్మమ్మా

*

ఆగస్టు 25

ప్రియమైన అమ్మమ్మా,

క్షమించు. బొమ్మలావిడ అమ్మేనని చెప్పకూడదన్న షరతు మీదే తను ఒప్పుకుంది. నువ్వు అనుకున్నట్టు అమ్మ పెన్సిలు మానలేదు. ఆసుపత్రిలో మిగిలిపోయిన టోకెన్ల వెనక గీస్తుంది. బల్ల కింద దాక్కున్న కుక్కలకు, తల్లి వెనక నక్కిన దూడలకు బయటికి కనిపించేది తోకేనట, అందుకని పాత అలవాటు బాగా పనికొచ్చిందట. బీరువాలో రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. పోయిన ఏడాది నాకు దొరికాయి.

నీ జాబు ఆసుపత్రికే తీసుకెళ్ళి ఇచ్చాను. టోకెన్లు ఇస్తూ మధ్య మధ్య చదివింది. నాలుగో పేజీ మూల ఒక మేక నమిలేసింది. అమ్మ దాని నోట్లోంచి లాక్కుని, తడి తుడిచి, చివరిదాకా చదివి మడిచి సంచిలో పెట్టుకుంది. తరవాతి టోకెను ఇచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చాక మాట్లాడింది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీ అమ్మమ్మ మళ్ళీ అబద్ధమే రాసింది. అప్పుడు అక్క ఉడుత మరీ చెడ్డది, ఇప్పుడు మరీ మంచిది. తమ్ముడేం ఏడవలేదు. నేనేం వాడికోసం గీయలేదు, నాకోసమే గీసుకున్నాను. గొళ్ళెం చప్పుడు రాలేదని నాకూ తెలిసింది. లేచి లోపలినుంచి నేను పెట్టొచ్చు, చెయ్యి అందుతుంది కూడా. కిటికీలోంచి చూస్తే అమ్మ వీధి మలుపులో ఆగింది. ఆహా, గుర్తొచ్చింది, వెనక్కి వచ్చి తనే పెడుతుందిలే అనుకున్నాను. తోక సగంలో ఉంది. తోక పూర్తిచేశాను. తలెత్తి చూస్తే మలుపులో అమ్మ లేదు, పక్కన వాడు లేడు."

మళ్ళీ తనే అంది. "అందుకే క్లాసులో నోరు మెదపలేదు. పరువు కాపాడడానికి కాదని చెప్పు. కథలో నా తప్పు నిజం. అమ్మ తప్పు లేకపోవడమే అబద్ధం. సగం నిజాన్ని అబద్ధమని ఎలా అంటాం? ఎప్పటికైనా 'ఇద్దరం ఆగి ఉండాల్సిందే' అని ఒక్కసారి అంటుందేమోనని చూశాను. అంతే."

ఆ తరవాత బీరువా సొరుగులోంచి ఒక బొమ్మ తీసి ఇచ్చింది. పదకొండో కథదే. అన్నిటికంటే ముందు, జూన్ మొదటి వారంలోనే గీసిందట. కింద తేదీ కూడా వేసింది. దాన్ని పంపుతున్నాను. చెక్క తొర్ర పక్కన వాలి ఉంది చూడు. తమ్ముడు ఉడుత ఇంకా పడలేదు. తల్లి ఉడుత కింది కొమ్మ మీద ఒక కాలు ఎత్తి ఆగిపోయి ఉంది. అక్క ఉడుత సగం గీసిన తోక మీద గోరు ఆపి తలెత్తింది. ఇద్దరూ ఒకే చప్పుడు కోసం వింటున్నట్టు ఉంటారు. నువ్వు మలుపులో ఆగావని నీ జాబు రాకముందే ఈ బొమ్మలో ఉంది అమ్మమ్మా. అది చూశాక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఈ బొమ్మ వేయాలంటే కింద నీతి ఉండకూడదంది అమ్మ.

నువ్వు రావడం గురించి అడిగాను. "ఇప్పుడే వద్దు" అంది. "ఎదురుగా కూర్చుంటే మళ్ళీ బాగున్నావా, బాగున్నా అనుకుంటాం. బొమ్మలన్నీ అయ్యాక రమ్మను" అంది. ఇంకా ఆరు ఉన్నాయి.

నీ
పిచ్చుక

*

ఆగస్టు 30

ప్రియమైన పిచ్చుకకు,

బొమ్మ చూశాను. తల్లి ఉడుత ఎత్తిన కాలు చాలాసేపు చూశాను. ఆ కాలు ఎటు వేస్తుందో బొమ్మలో తెలియదు. నాకు తెలుసు.

నా తిరగరాత చింపెయ్. కథ పాతదే ఉండనీ, "బెరడు చెక్క అడ్డం పెట్టి" అన్న నాలుగు మాటలు కొట్టేసి, ఆ చోట "చెక్క పెట్టడం మరిచి, మలుపు దగ్గర గుర్తొచ్చి, ఒక్క క్షణం ఆగి, వెళ్ళిపోయి" అని వెయ్యి. వాక్యం పొడవైందని మీ యజమాని గొణిగితే నాతో మాట్లాడమను. కింద గడి తీసెయ్. ఆ చోటు బొమ్మకు ఇవ్వు.

నత్త కథ కింద గడి ఉంచు. అక్కడ మాత్రం నీతి మార్చు. "అడుగడుక్కీ వెనక్కి చూసుకునేవాడు ఎక్కడికీ చేరడు" అని ఉంది కదా. దాన్ని కొట్టేసి, "ఆలస్యమైనా సరే, ఒకసారి వెనక్కి తిరిగి చూడు" అని వెయ్యి. మీ తాతయ్యకు నేను చెప్పాల్సిన మాట. గడిలో పట్టింది, అదే నయం.

స్టూలు మీద స్టూలు వేసి అలమార పైన డబ్బా తీయించాను. నేను ఎక్కలేదు, కొట్టతన్ని ఎక్కించాను, కంగారుపడకు. పన్నెండు పెన్సిళ్ళలో పదకొండు చెక్కనైనా చెక్కలేదు. గోధుమరంగుది ఒక్కటే సగానికి అరిగింది. పోస్టులో పంపుదామనుకుని ఆగాను. ఏదో ఒకటి చేతిలో పట్టుకుని వెళ్ళాలి కదా, లేకపోతే గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడతాను?

"ఇద్దరం ఆగి ఉండాల్సిందే." ఇది నేను ఇక్కడ రాశానని చెప్పు. ఎదురుగా కూడా అంటాను, నోరు పెగిలితే.

ఆరు బొమ్మలున్నాయన్నావు. నలభై ఒక్క ఏళ్ళు అది ఆగింది, ఆరు బొమ్మలకు నేను ఆగలేనా? తొందరేమీ లేదని, నిదానంగా గీసుకోమని మీ అమ్మతో చెప్పు.

లేదు, ఆగు. ఈ వయసులో ఇంకో అబద్ధం ఎందుకు? ఆ వాక్యం కొట్టేశానని అనుకో. కొంచెం తొందరగా గీయమను.

ఇట్లు,
మలుపు దగ్గర నిలబడే ఉన్న
అమ్మమ్మ